ఐదో నెల

"నేను సంతకం పెట్టను. ఎవరెన్ని చెప్పినా పెట్టను."

ఆమె కాగితాన్ని సర్జన్ వైపు తోసేసింది. దాంతోపాటు కలం కూడా దొర్లి కిందపడింది. భర్త వంగి తీశాడు కానీ దాన్ని ఎవరి చేతికివ్వాలో తెలియక తన జేబులోనే పెట్టుకున్నాడు.

సర్జన్ విసుక్కోలేదు. "చూడమ్మా, థైరాయిడ్ క్యాన్సర్ మామూలుగా నిదానం. కాన్పయ్యేదాకా ఆగమనే చాలామందికి చెబుతాం. నీకూ ముందు అదే చెప్పాను. కానీ నీ గడ్డ ఆగట్లేదు. రెండు నెలల్లో రెట్టింపయింది. మెడ గ్రంథులకీ పాకింది. ఇప్పుడు నీకు ఐదో నెల. ఆపరేషన్‌కి ఇంతకన్నా మంచి సమయం దొరకదు."

"బిడ్డకేం కాదని రాసిస్తారా?"

"ప్రమాదం తక్కువ. అసలు లేదని మాత్రం అబద్ధం చెప్పలేను."

"విన్నారుగా!" అంది భర్తతో. మళ్ళీ సర్జన్ వైపు తిరిగింది. "ఇది మూడోది డాక్టరుగారూ. మొదటిది రెండో నెల్లో పోయింది. రెండోది నాలుగో నెల్లో. ఇదొక్కటే ఇంతదాకా వచ్చింది. మొన్నటి నుంచి కదులుతోంది. నా చేతులతో నేనే దీన్ని కత్తి కింద పెట్టమంటారా?"

ఆ మాటలు కూడా బొంగురుగానే వచ్చాయి. బస్‌స్టేషన్లో ఏ బస్సు ఎక్కడ ఆగిందో మైకులో చెప్పే గొంతు అది. భర్త అక్కడే డ్రైవరు. ఆమె పిలిస్తే తప్ప అతని బస్సు కదలదని తోటివాళ్ళు ఏడిపిస్తుంటారు. మొదట్లో గొంతు మారితే జలుబనుకున్నారు ఇద్దరూ.

"బయట కూర్చుని ఆలోచించుకో" అంది సర్జన్, కాగితం మళ్ళీ ఆమె ముందుకే జరుపుతూ. "ఒంటిగంటలోపు చెప్పు. రేపు పొద్దున థియేటర్ నీ కోసమే ఆపి ఉంచాను."

వరండాలో బెంచీ మీద అత్తగారు స్కానింగు కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలు ఆ కాగితంతోనే వెళ్ళి ఆవిడ పక్కన కూలబడింది. ఈవిడొక్కతే తన వైపు ఉంటుందని ఆమె నమ్మకం. మూడో నెల దాటగానే మెత్తటి పాత బట్టలన్నీ ఉతికి, పొత్తిళ్ళకని మడతపెట్టి దాచిన మనిషి.

"అమ్మా, నువ్వయినా చెప్పు" అన్నాడు వెనకే వచ్చిన కొడుకు.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "సంతకం పెట్టు."

"అత్తయ్యా! మీరు కూడానా?"

"రేపే చేయించుకో. బిడ్డ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు."

కోడలు ఒక్కసారిగా విరుచుకుపడింది. "ఏడేళ్ళుగా మనవడో, మనవరాలో అని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది మీరు కాదూ? తల్లి అయినవాళ్ళు ఎవరయినా అనే మాటేనా ఇది?"

"అమ్మా, కాస్త నెమ్మదిగా చెప్పొచ్చుగా" అని నొచ్చుకున్నాడు కొడుకు.

"నువ్వెళ్ళి టీ పట్రా."

"ఇప్పుడు టీ ఏంటమ్మా?"

"తల పగిలిపోతోందిరా. కింద క్యాంటీన్లో దొరుకుతుంది. వెళ్ళు."

అతను మెట్లు దిగి వెళ్ళేదాకా ఆవిడ అటే చూస్తూ కూర్చుంది.

"నాకో చెల్లెలుండేది."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"చెబితే ఏడవాలి. అందుకని చెప్పలేదు. అప్పటికి దానిది నీ ఈడే. ఐదో నెలే. గడ్డ కూడా ఇదిగో, ఇక్కడే." ఆవిడ తన గొంతు మీద వేలు పెట్టి చూపింది. "డాక్టర్లు తీసేస్తామన్నారు. బిడ్డ పుట్టేదాకా నన్ను ముట్టుకోవద్దని అది మొండికేసింది. పక్కనే ఉండి నేనూ దానికి వంత పాడాను. నాలుగు నెలలేగా అనుకున్నాం."

"తర్వాత?"

"పండులాంటి మగపిల్లాడు పుట్టాడు. అప్పటికే జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. వాడికి పళ్ళొచ్చేనాటికి అది లేదు."

కోడలు తల వంచుకుంది. అయినా పట్టు వదల్లేదు. "బిడ్డయితే దక్కాడుగా అత్తయ్యా. నాకదే చాలు."

"నీకు చాలు. వాడికి చాల్లేదు. గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా పాక్కుంటూ వెళ్ళేవాడు. తలెత్తి మొహం చూసేవాడు. కాదని తెలిశాక మళ్ళీ పాక్కుంటూ వెనక్కొచ్చేవాడు. ఏడ్చేవాడు కూడా కాదు. అలా ఎన్నిసార్లు చూశానో నాకే తెలుసు. ఇంకో పసివాడు అలా వెనక్కి రావడం చూడమంటే నా వల్ల కాదమ్మా."

కోడలు రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. లోపల చిన్న కదలిక. అది ఆగేదాకా అలాగే ఉండిపోయింది.

"ఓ కలం ఉంటే ఇవ్వండి" అంది చివరికి.

అత్తగారు సంచీలోంచి తీసిచ్చింది. స్కానింగు కవరు మీద కాగితం పెట్టుకుని రాస్తుంటే రెండో అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అత్తగారు కాగితం కదలకుండా పట్టుకుంది. మిగతా అక్షరాలు వంకరటింకరగా పడ్డాయి.

ఏడుపు కాస్త తగ్గాక కోడలు అడిగింది.

"ఆ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడు అత్తయ్యా?"

అత్తగారు మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది.

"అదిగో, టీ పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. కళ్ళు తుడుచుకో, వాడికి తెలీదు."