సంచిలో పడని సెల్లు

“చర్చికి టైమైంది” అంది భార్య.

“చార్జింగా? అక్కర్లేదు” అన్నాడాయన తలెత్తకుండా.

“చార్జింగ్ కాదు, చర్చి.”

“ఓహో. పద.”

ఆ ఇంట్లో ఆదివారం సంభాషణ అంతే. మిగతా ఆరు రోజులూ అంత కూడా ఉండదు.

ఆయన ఉద్యోగం ఫిర్యాదుల కేంద్రంలో. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ముందు రెండు కంప్యూటర్లు పెట్టుకుని, రోజుకు ఎనిమిది గంటలు ఊరందరి తిట్లూ తింటాడు. వాషింగ్ మెషిన్ తిరగకపోయినా, ఫ్రిజ్ చల్లబడకపోయినా తిట్టేది ఆయన్నే. ప్రతి తిట్టుకూ “మీ ఇబ్బందికి చింతిస్తున్నాం” అనాలి. పదిహేనేళ్ళుగా పరుల కోసం చింతించి చింతించి, ఇంటికొచ్చేసరికి సొంతానికి ఒక్క చింత కూడా మిగలదు.

వచ్చి కుర్చీలో కూలబడతాడు. ఫోను చేతిలోకి తీసుకుని తల వంచేస్తాడు. అక్కడితో దుకాణం బంద్.

తెరలకు ఆ ఇంట్లో కొదవ లేదు. భార్యకు సీరియళ్ళ టాబ్, కూతురికి ఫోను, హాల్లో ఎవరూ చూడకపోయినా వాగుతూ ఉండే టీవీ. భోజనాల దగ్గర కూడా ఎవరి నవ్వు వారి తెరలో, ఎవరి ఏడుపు వారి తెరలో. ఇన్ని తెరలున్నా తెరిపి లేని ఇల్లు.

ఆయన్ని పిలిచి లాభం లేదని పిలవడమే మానేశారు. స్క్రోల్లో తల పెట్టినవాడికి రోకటి పోటు తెలుస్తుందా?

భార్యకు మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఏడుపు వచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు. ఆయన ముఖం ఎలా ఉంటుందో మర్చిపోయింది గానీ, నడినెత్తిన బట్టతల ఏ నెలలో ఎంత పెరిగిందో కొలతలతో సహా చెప్పగలదు.

కొన్ని సంగతులు మాత్రం ఆమె కంట పడ్డాయి. ఫోను పట్టుకుని ఆయన పెదవులు కదుపుతాడు. ఒక్కోసారి కళ్ళు చెమ్మగిల్లుతాయి. లేచేసరికి మనిషి కడిగిన పలకలా తేటగా ఉంటాడు. ఎవరైనా పక్కకు వస్తే ఫోనును గుండెకు ఆనించుకుంటాడు. తను ఆ ఫోనుకు కాల్ చేస్తే మాత్రం “మీరు పిలిచే వ్యక్తి అందుబాటులో లేరు” అని జవాబు. ఎదురు కుర్చీలో ఉన్న మనిషి గురించి అంత నిజం ఇంకెవరూ చెప్పలేదామెకు.

“నా నంబరు బ్లాక్ చేసుంటారు. ఎవత్తో ఉంది” అంది కూతురితో, ఉల్లిపాయల ధర చెప్పినంత మామూలుగా.

“నాన్నకా? ఆ ముఖానికా?”

“ముఖం చూసి ఎన్నాళ్ళయిందే. మారిందేమో, నాకేం తెలుసు.”

“మరి ఏం చేస్తావమ్మా?”

“ఇవాళ చర్చిలో ఫోన్లు అడుగుతారటగా. ఆయన ఇస్తే ఉంటా. ఇవ్వకపోతే మీ పెద్దమ్మ దగ్గరికి పోతా. పెట్టె సర్దేశాను.”

కూతురు ఫోనులోంచి తలెత్తింది. ఆ ఇంట్లో అది పెద్ద విశేషమే.

చర్చిలో పాస్టరుగారు ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలపు ఉపవాసం ప్రకటించారు. “కడుపు మాడ్చుకోవడం మనకు అలవాటే. ఈసారి బొటనవేలు మాడ్చుకుందాం. నలభై రోజులు ఫోను ముట్టొద్దు. దేవుడికి చేతులు జోడిద్దామంటే ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండటం లేదు మనకు.”

ముందుగా తాను వాక్యం చదువుకునే టాబ్‌ను కానుకల సంచిలో వేశారు. పాట మొదలైంది. సంచి వరసల వెంట కదిలింది. ఒకావిడ ఫోను వేసి, ఒక్క మెసేజీ చూసి ఇస్తానని తీసుకుని, మళ్ళీ వేసింది. కూతురు పన్ను పీకించుకుంటున్నట్టు కళ్ళు మూసుకుని వేసింది. భార్య తన ఫోను వేసి, సంచిని ఆయన ముందు పట్టుకుంది.

ఆయన తల వంచుకునే ఉన్నాడు. ఫోను రెండు అరచేతుల మధ్య ఉంది.

“వెయ్యండి.”

“ఇది వద్దులే.”

“నలభై రోజులేగా.”

“ఇంకేదైనా అడుగు. ఇది తప్ప.”

పాట ఆగిపోయింది. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

“అయితే నేను పోతున్నా” అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. అసలేమీ లేదు. “అందులో ఉన్నావిడ ఎవరో, ఆవిడతోనే ఉండండి. అన్నం కూడా ఆవిడే వండుతుంది.”

పాస్టరుగారు వేదిక దిగి వచ్చారు. “ఏముంది బాబూ అందులో, సంసారం పోతున్నా విడవలేనంత?”

ఆయన ఫోనును గుండెకు ఆనించుకున్నాడు. కూతురు చటుక్కున ఫోను లాక్కుంది. బటన్ నొక్కింది. ఇంకోసారి, గట్టిగా నొక్కింది. తండ్రి వైపు చూసింది. తల్లి చేతిలో పెట్టింది. తల్లి చూసి పాస్టరుగారికిచ్చింది. పాస్టరుగారు అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఎవరండీ అందులో?” వెనక వరసావిడ మెడ సాచింది. “మాక్కూడా చెప్పండి. ఎవరు కనిపిస్తున్నారు?”

ఆయన తలెత్తాడు. భార్యకు ఆయన ముఖం కనిపించింది.

“అది బకెట్లో పడి చచ్చిపోయి ఏడు నెలలైంది అయ్యగారూ, కళ్ళు మూసుకుని కూర్చుంటే ఖాళీగానే ఉన్నారుగా అని ఏదో ఒక పనికి లేపుతారు, ఫోను చూస్తున్నాననుకుంటే ఒక్కరూ కదిలించరు, ఆ కాసేపూ ప్రార్థన చేసుకుంటున్నాను.”