ఎడంచేత్తో తిరగాలి

“తిరగలేదు,” అన్నాడు పెద్దాయన.

ట్రక్కుకి డ్రైవరు వైపు తలుపు బయటే నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, స్టీరింగుని ఒక్క ఎడంచేత్తో లాగి చూశాడాయన. కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. ఇంజిను నడుస్తూనే ఉంది, ఆయన మెడ నరాలు ఉబ్బాయి, చక్రం మాత్రం అరచుట్టు కూడా తిరగలేదు.

మెకానిక్కు తల గోక్కున్నాడు. ఊరి చివర షెడ్డు తీసుకుని ఏడాదైనా కాలేదు, అప్పుడే అందరూ అతన్ని రేడియో అంటున్నారు. ప్రశ్న తనే వేసి, ఎదుటివాడు నోరు తెరిచేలోగా జవాబు కూడా తనే చెప్పేసే రకం. అయితేనేం, పని మంచిది, మనసు అంతకన్నా మంచిది.

“పాత ట్రక్కుకి పవర్ స్టీరింగ్ పెట్టడమంటే మాటలా బాబాయ్? పంపు పెట్టాను, స్టీరింగు బాక్సు మార్చాను, పైపులన్నీ కొత్తవి వేశాను. రెండు చేతులూ వేసి చూడండి, హాయిగా తిరుగుతుంది.”

“రెండు చేతులు లేకే కదా నీ దగ్గరికొచ్చింది. ఎడంచేత్తో తిరగాలి. నీ వల్ల కాదంటే చెప్పెయ్, పాత ఇనుం కొట్టుకి తోలించేస్తాను. కదలకుండా వాకిట్లో పడున్న బండిని చూస్తుంటే మా ఇంట్లో ముద్ద దిగట్లేదు.”

రేడియోకి గుండె చివుక్కుమంది. నాలుగు చక్రాలూ లాగే ఆ ట్రక్కు కొండమీది ఇళ్లకి ఏళ్ల తరబడి గ్యాస్ బండలూ సిమెంటు బస్తాలూ మోసిన బండి. ఈ షెడ్డుకి మాత్రం ట్రాక్టరు వెనక తాడుతో కట్టించుకుని వచ్చింది. రేడియో వాళ్ల నాన్న కూడా ఇలాగే లారీ వదిలేసిన రోజున కుర్చీలో కూలబడ్డాడు. ఆ తర్వాత ఆ మనిషి మనిషి కాలేదు. ఈ పెద్దాయనకి ఆ గతి పట్టకూడదని రేడియో గట్టిగా అనుకున్నాడు.

“భుజమేగా? పడి ఉంటారు. నిచ్చెన మీంచా?”

“నిచ్చెన మీంచే. ఎముక అతుక్కుంది గానీ బలం రాలేదు. అసలు సంగతేంటంటే అబ్బాయ్...”

“చెప్పక్కర్లేదు బాబాయ్. మగాళ్లం, ఇలాంటివి పైకి చెప్పుకోలేం. నాకు అర్థమైంది.”

పెద్దాయన అతని మొహంలోకి చూసి, పెదవుల మధ్యే నవ్వుకున్నాడు.

మర్నాడు ఆయన వచ్చేసరికి రేడియో బానెట్ కింద దూరి ఉన్నాడు.

“దొరికింది బాబాయ్ దొంగ! పంపుకి వేసిన పుల్లీ పెద్దదైంది. చిన్నది వేస్తే ఇంజిను నెమ్మదిగా ఉన్నా పంపు జోరుగా తిరుగుతుంది. అప్పుడు చూడండి తమాషా.”

పెద్దాయన జేబులోంచి నున్నగా చెక్కిన కర్రపిడి ఒకటి తీశాడు. “ఇది చక్రానికి బిగించు. పట్టుకు తిప్పడానికి.”

“మీ అరచేతికి చిన్నదైనట్టుందే?”

“సరిపోతుంది. సీటు కూడా బాగా ముందుకి జరుపు.”

దగ్గరగా కూర్చుంటే చేతికి బలం చాలుతుంది కాబోలనుకుని రేడియో సీటు జరిపాడు. గేరు రాడ్డు ఎడమ సీటు వైపు కాస్త వంచమన్నాడు పెద్దాయన. మోకాలికి అడ్డం రాకుండా కాబోలనుకుని అదీ వంచాడు. వంచుతూ ఎడమ సీటు ముందు చూస్తే, కింద రేకు పాదం ఆకారంలో గుంటపడి ఉంది.

“ఇక్కడ కూర్చునేదెవరు? పిన్నేనా? పిన్నే అయ్యుంటుంది. మలుపు మలుపుకీ లేని బ్రేకు తొక్కి రేకు సొట్టబెట్టిందన్నమాట, పాపం.”

“ప్రాణభయం ఎవరికి లేదు అబ్బాయ్,” అన్నాడు పెద్దాయన, దగ్గొచ్చేదాకా నవ్వి.

సాయంత్రానికి పుల్లీ మారింది. పెద్దాయన మళ్లీ కిటికీలోంచే ఎడంచెయ్యి పెట్టి, కర్రపిడిని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. ముందు చక్రాలు నేల మీద బరబరమంటూ ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

“ఎక్కండి బాబాయ్, ఓ చుట్టు కొట్టి రండి.”

“ఇంటిదాకా నువ్వే నడుపు,” అని ఆయన ఎడమవైపు ఎక్కాడు.

పాపం, ధైర్యం చాలట్లేదనుకున్నాడు రేడియో. దారంతా తానే ధైర్యం చెప్పాడు. మొదటి రోజు మైదానంలో నడపమన్నాడు, తర్వాత కొండెక్కమన్నాడు, చెయ్యి నొప్పెడితే ఆపెయ్యమన్నాడు. పెద్దాయన అన్నిటికీ ఊఁ కొట్టాడు.

ఇంటి ముందు బండి ఆగింది. వసారాలో కుర్చీలో ఒకావిడ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. ఇంజిను చప్పుడుకి తలెత్తి బండినే చూస్తూ ఉండిపోయింది. రేడియో దిగి, డ్రైవరు తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

“పిన్నీ, ఇంక బెంగ పెట్టుకోకండి. బాబాయ్ ఒంటిచేత్తో కొండెక్కించేస్తాడు. రండి బాబాయ్, ఇటొచ్చి కూర్చోండి.”

పెద్దాయన కదల్లేదు. ఎడమ సీట్లో సర్దుకుని, గేరు రాడ్డు మీద చెయ్యి వేసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతూ కూర్చున్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి, చెప్పులేసుకుని, కుడిచెయ్యి శాలువాలో ఒంటికి ఆనించుకునే గబగబా మెట్లు దిగి వచ్చింది.

“జరుగు నాయనా, ఆయనకి డ్రైవింగు రాదు,” అంది.