పథ్యం కూరలో ఎముక

“బాగా సూడు సారూ, కొంగ ఎముకే గదా? కొంగని తేలితే ఈ బస్సుకే మా నాయనింటికి పోతాను,” అంది గురవమ్మ.

జ్వరం తగ్గి లేచిన ఆమెకు అత్త చౌడమ్మ పథ్యం కూర వండి పెట్టింది. సంతలో పుంజును కొన్నానంది.

“ఈ యుద్ధం రోజుల్లో మాకు పుంజును కొనే స్తోమత యాడుండాది? చెరువులో కొంగను పట్టుంటాది,” అంది గురవమ్మ.

అందుకే ఎముకను కొంగున కట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని, తిరుపతి పశువుల ఆసుపత్రిలో నా దగ్గరికి వచ్చింది.

ఎముకను పలుచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

“కొంగ కాదమ్మా, కోడే. అయితే పుంజు కాదు, పెట్ట. గుడ్లు పెట్టే పెట్ట పెంకుల కోసం ఎముక లోపల సున్నం దాచుకుంటుంది. ఇందులో అది నిండుగా ఉంది.”

గురవమ్మ అత్త వైపు తిరిగింది. “మన పెట్టను నక్క ఎత్తుకపోయిందంటివే?”

“దాన్నే కోసినానంటే నువ్వు ముట్టేదానివా?”

“దాని గుడ్లమ్మితేనే గదా నీకు వక్కాకు. ఇంక ఎట్లత్తా?”

“నాకుండేది రెండు పళ్లు. వాటికి వక్కాకు ఒకటా.”

గురవమ్మ అత్త చేయి పట్టుకుని మెల్లగా మెట్లు దించింది.