కన్నెస్వామి

"మాల వేసుకున్న మనిషి కనబడితే ఎవరని అడక్కుండా కాళ్ళకి దణ్ణం పెట్టాలి. అందరూ అయ్యప్పే స్వామీ."

కోకాపేట టవర్ లిఫ్టులో కొడుక్కి నేర్పుతున్నాడు హరికిశోర్. ఎనిమిదేళ్ళ నిహాల్‌కిది మొదటి మాల. హరికిశోర్‌కి ఏటా అలవాటే. మాలతో అతని నోరేమీ మారదు, తిట్టు చివర 'స్వామీ' చేరుతుంది, అంతే.

తలుపు మూసుకోబోతుంటే పార్సిల్ పట్టుకుని డెలివరీ అతను లోపలికొచ్చాడు. నల్ల బట్టలు, మెడలో మాల.

నిహాల్ వంగి అతని పాదాలు తాకాడు. అతనూ వంగి పిల్లాడి పాదాలు తాకాడు.

"మీ లిఫ్టు అటుంది స్వామీ," అన్నాడు హరికిశోర్.

"అది ఖరాబైంది స్వామీ. పన్నెండో అంతస్తుకు పోవాలె."

"అయితే మెట్లెక్కండి. శబరిమలలో ఎక్కరూ?"

అతను పార్సిల్‌తో బయటికి నడిచాడు. వెనకే నిహాల్.

"నువ్వెక్కడికి స్వామీ?"

"మెట్లెక్కడానికి. స్వాములు ఎక్కాలన్నారు కదా స్వామీ."

హరికిశోర్ కదిలేలోపే తలుపు మూసుకుంది. లిఫ్టు అద్దంలో మాల వేసుకున్న మనిషొకడు కనబడ్డాడు.

దణ్ణం పెట్టబుద్ధి కాలేదు.