వ్యాసానికో కష్టం

"అమెరికా కాలేజీలో మూడు వారాల వేసవి కోర్సుకి కోటి వోన్లా? వెళ్తే రేపు సీటిస్తారా మేడమ్?" యేరిమ్ వాళ్లమ్మ నిలదీసింది.

ఇంటికొచ్చిన విదేశీ చదువుల కౌన్సిలర్ పెదవి విరిచింది. "ఉత్త కోర్సయితే డబ్బు దండగే. ఆ సర్టిఫికెట్ సియోల్లో ఎవరికి లేదు? దానికి తోడు దరఖాస్తులో తను పడ్డ కష్టం గురించి గుండె తరుక్కుపోయే వ్యాసం రాయాలి. మీ పిల్లకి ఏ కష్టమూ లేదాయె. పోనీ, ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదు."

పక్కగదిలో తాతయ్య ఆగకుండా దగ్గాడు. ఇద్దరూ అటే చూశారు.

"వ్యాసం ఎప్పుడివ్వాలి?" అమ్మ గొంతు తగ్గించింది.

"చలికాలం దాకా టైముంది."

"అయితే కట్టేస్తాం."

అమ్మ పక్కనే కూర్చున్న యేరిమ్ గబుక్కున లేచి పక్కగదిలోకి మంచినీళ్లు పట్టుకెళ్లింది.

తాతయ్యకి డబ్బు మాటొక్కటే వినబడినట్టుంది, లోపలినుంచి కేకేశాడు.

"ఖర్చుకి వెనకాడకు కోడలా! పిల్ల చదువుకి నేనున్నాగా!"