పడవల పెట్టె

ఆటలో ఒక పడవ తక్కువైంది. దాని చోట చొక్కా గుండీ పెట్టుకుని ఆడుతున్నారు తండ్రీ కూతుళ్ళు.

"అమ్మ దగ్గరుండిపోయింది నాన్నా. మంచం కిందికి దొర్లినట్టుంది."

కిందటిసారి పాచిక అక్కడుండిపోయింది. అంతకుముందు కార్డులు ఇక్కడుండిపోయాయి.

పాప ఒక వారం నాన్న దగ్గర, ఒక వారం అమ్మ దగ్గర. ఇళ్ళు రెండయినా ఊరొకటే. పెద్దవాళ్ళ మధ్య ఇప్పుడు గొడవల్లేవు. మాటలూ లేవు.

దీవుల మధ్య సరుకు పడవలు నడిపే ఆట అది. ఓ పట్టాన తెమిలేది కాదు. సగంలో ఉండగానే వారం అయిపోతుంది. పలక తుడిచినట్టు అంతా తుడిచేసి, మళ్ళీ మొదట్నించి.

ఆ వారం వెళ్ళేటప్పుడు పాప ఆటని అతని బల్ల మీదే వదిలేసింది.

"ఇది ఇక్కడే ఉంచెయ్ నాన్నా."

"ఏం, ఆట మీద మోజు తీరిందా?"

"ఆట మీద కాదు. మొదలుపెట్టడం మీద."

అతను వయొలిన్లకీ గిటార్లకీ పెట్టెలు చేసే మనిషి. ఎక్కడెక్కడి వాయిద్యాలో అతను కట్టిన గూళ్ళలో భద్రంగా ఊరేగుతుంటాయి. కూతురి ఆట మాత్రం ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ సంచిలో తిరిగింది.

దీపం కిందే చీకటి.

"నీ స్కూలు బ్యాగ్ ఓసారి ఇలా ఇవ్వు," అన్నాడు.

పుస్తకాల పక్కన ఎంత చోటు మిగిలిందో చెయ్యి దూర్చి చూసుకున్నాడు.

పాప తిరిగొచ్చేసరికి మొదటి పెట్టె ముద్దుగా కుదిరింది. ప్రతి ముక్కకీ ఒక అర. అరఅరకీ ముఖమల్ గుడ్డ.

పాప దాన్ని రెండు చేతుల్తో ఎత్తబోయి దించేసింది.

"నాన్నా, ఇది పెట్టెనా, బీరువానా?"

చేతి కొలత నమ్ముకున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు. పైగా ముక్కల్ని అరల్లో సర్దితే ఆట చెదిరిపోతోంది. అసలు బాధ అదే కదా.

పాప లేని వారమంతా అట్టముక్కలతో నమూనాలు కోశాడు. కార్డులు పడుకుంటే చోటు తింటున్నాయి, వరసగా నిలబెట్టాడు. పాచికలు మూల సందులో దూరాయి. బోర్డొక్కటే మాట వినలేదు. ఎన్ని మడతలు పెట్టినా అది బోర్డే.

టీ చల్లారిపోయేదాకా దానివంక చూస్తూ కూర్చున్నాడు.

బోర్డుని పెట్టెలో పెట్టడమెందుకు? పెట్టే బోర్డయితే సరి.

పుస్తకంలా తెరుచుకునేట్టు చేశాడు. ఒక పక్క అరలు, వాటి మీద జారే పలక. రెండో పక్క పల్చటి ఇనపరేకు. దాని మీద దీవులన్నీ తనే రంగులతో గీశాడు. పడవల అడుగున కందిబద్దంత అయస్కాంతాలు అతికించాడు.

తప్పిపోయిన పడవని పాప జేబులోంచి తీసిచ్చింది.

"అమ్మ మంచం జరిపి మరీ వెతికింది."

అతను దానికీ ఒక అయస్కాంతం అతికించాడు.

జిగురు ఆరాక పడవల్ని రేవుల్లో నిలిపి, పెట్టె మూసి, బోర్లించి, గట్టిగా ఊపాడు. తెరిచాడు.

ఏ పడవ ఆ రేవులోనే ఉంది.

పాప పెట్టె లాక్కుని తనూ ఊపి చూసింది. మళ్ళీ ఊపింది.

ఆ వారం కూడా ఆట ముగియలేదు. ఎవరూ బెంగపెట్టుకోలేదు. పెట్టె మూసి, పుస్తకాల పక్కన దోపి, పాప చెయ్యి ఊపుకుంటూ వెళ్ళింది.

వారం తర్వాత పెట్టె తెరిచి, అతను కళ్ళజోడు సవరించుకున్నాడు.

తన ఆకుపచ్చ పడవలున్నాయి. పాప నీలం పడవలున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టని ఎర్ర పడవలు కూడా నీళ్ళలో ఉన్నాయి.

"ఇవెవరివి?"

"అమ్మవి."

"అమ్మ ఆడిందా!"

"పెట్టెని చాలాసేపు తిప్పితిప్పి చూసింది. అంచులన్నీ వేలితో తడిమింది. తర్వాత, నాకూ పడవలియ్యవే అంది."

అతను బోర్డు మీదికి వంగాడు. ఎర్ర పడవలు రెండు దూరం వెళ్ళాయి. ఒకటి మాత్రం సొంత రేవు వదల్లేదు.

"మీ అమ్మ ఇంతే. ఇంటి దగ్గర ఒకణ్ణి కాపలా పెట్టందే అడుగు బయటపెట్టదు."

"నీ గురించీ చెప్పింది."

"ఏమని?"

"మీ నాన్న ముందూ వెనకా చూడకుండా నడిసముద్రంలోకి పోతాడు, అక్కడ పట్టుకుందాం అని."

అతని పెద్ద పడవ నిజంగానే నడిసముద్రంలో ఉంది. ఇటొకటి, అటొకటి ఎర్రవి దారి కాసి ఉన్నాయి.

అతను పడీపడీ నవ్వాడు. పాప వింతగా చూసింది.

"సరే, వంతులెలా మరి?"

"ఇక్కడున్నప్పుడు నీ వంతు. అక్కడున్నప్పుడు అమ్మ వంతు. నాది రెండు చోట్లా."

"ఇదెక్కడి న్యాయమే?"

"రెండిళ్ళూ తిరిగేది నేనేగా."

అతను పాచికలు పాప చేతిలో పోశాడు.

ఒక వారం అతని పెద్ద పడవ తప్పించుకుంది. ఇంకో వారం ఇంకోటి చిక్కింది. పాప మెట్లెక్కే చప్పుడు వినగానే చేతిలో రంపం పక్కన పెట్టేస్తున్నాడు.

ఒకరోజు గిటారు పెట్టె కోసం వచ్చినాయన, బల్ల మీదున్న ఆటపెట్టె చూసి ముచ్చటపడ్డాడు. మూత తెరిచి, పలక జరిపి, పడవొకటి పీకబోయాడు.

"అయ్యో, కదపకండి. ఆట నడుస్తోంది."

ఆయన చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మా పిల్లలకీ ఇలాంటిదొకటి చేసిపెట్టండి. మేం అయిదుగురం, అరలు కాస్త పెంచాలి. మీ ఇంట్లో ఎంతమంది ఆడతారు?"

అతను జిగురంటిన వేళ్ళు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ముగ్గురం."