తల్లికి ముందే తెలుస్తుంది

“నాలుగు నెలలాయె! ఒక్క గోలి రాసియ్యలే. నువ్వేం డాక్టరమ్మవు?”

కాంతమ్మ బల్ల మీద అరచేత్తో కొట్టింది. పెన్నుల డబ్బా ఎగిరి పడింది. డాక్టరమ్మ దాన్ని మళ్ళీ నిలబెట్టి, ఏమంటున్నారన్నట్టు ప్రవల్లిక వైపు చూసింది.

“మందులేమైనా అవసరమా అని మా అమ్మ అడుగుతోంది,” అని ప్రవల్లిక హిందీలో చెప్పింది.

“ఆగవే! నేనంత తిడితే నీ నోట్లకెళ్లి గంతే వచ్చిందా? సగం నువ్వే మింగితివా?”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. అది చూసి కాంతమ్మకు ఒళ్ళు ఇంకా మండింది. నాలుగు నెలలుగా ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో కూరల బండి వాళ్ళతో, గది యజమానురాలితో వేగి వేగి ఆమెకు హిందీ అర్థమవుతోంది. మాట్లాడబోతేనే నోరు తిరగదు.

ఈ రోజు అటో ఇటో తేలిపోవాలి. సివిల్సు చదువుకుంటానని వచ్చిన పిల్ల, ఉన్నట్టుండి ఫోన్ చేసి “నాకు బాగుండట్లేదమ్మా, వచ్చి నా దగ్గరుండు” అంటే పరుగెత్తుకొచ్చింది. నయమవుతుందన్న నమ్మకం కనిపిస్తే సరే. లేకపోతే ఎల్లుండి రైలెక్కడమే; తమ్ముడు మల్లేశంతో చెప్పి రెండు టికెట్లు ముందే తీయించింది. చదువూ వద్దు, ఢిల్లీ వద్దు. పిల్ల బతికుంటే చాలు.

“ఈ వారం ఆ భయం ఎన్నిసార్లు వచ్చింది?” డాక్టరమ్మ కాంతమ్మనే చూస్తూ అడిగింది.

“మూడుసార్లు.” కాంతమ్మ మూడు వేళ్ళు చాపింది. “కోచింగు కాడ లిఫ్టుల ఒకసారి. మెట్రోల ఒకసారి. నిన్న పొద్దుగాల ఊకెనే, నేను బెండకాయలు కోస్తుంటే.”

“మెట్రోలో ఏమైంది?”

“సొరంగంల బండి ఆగింది. మస్తు జనం. పిల్ల గబుక్కున నా చెయ్యి పట్టుకున్నది. ‘అమ్మా, నాకు భయమైతుంది, నాతోని లెక్కపెట్టు’ అన్నది. నాలుగు లెక్కపెట్టేదాక గాలి పీల్చుడు, ఆరు లెక్కపెట్టేదాక ఇడుసుడు. నువ్వు నేర్పిన విద్యనే గద! ఇద్దరం బుస్సు బుస్సుమనుకుంట నిలబడితే, ఒక ముసలాయన జడుసుకొని సీటిచ్చిండు.”

“అప్పుడు మీకెలా ఉంది?”

కాంతమ్మకు నసాళానికి అంటింది. వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. పిల్లను అడగవలసినవన్నీ తనను అడుగుతుంది. మీకు నిద్ర పడుతోందా, మీరు ఏం తిన్నారు, బయటికి వెళ్ళాలంటే మీకెలా ఉంటుంది? ఇంట్లోవాళ్ళ సంగతి కూడా తెలియాలమ్మా అని పిల్ల సర్దిచెబుతుంది.

“నాకెట్లుంటది? కన్నబిడ్డ గట్లయితే ఏ తల్లికైనా ఎట్లుంటదో గట్లనే ఉంటది! గుండె దడదడ కొట్టుకుంటది. చేతులు చల్లగయితయ్. పానం ఇప్పుడే పోతదేమో అనిపిస్తది. అసలు ఇది నా చెయ్యి పట్టుకోకముందే నాకు తెలిసిపోతది, ఇగ వస్తుందని. మోసి కన్న పేగు! నువ్వు పుస్తకాల్ల చూసి చెప్తవ్, నేను కడుపులకెళ్లి చెప్త.”

దీన్ని మాత్రం ప్రవల్లిక ఒక్క ముక్క వదలకుండా హిందీలో చెప్పింది. డాక్టరమ్మ ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది.

“గిది రాసుకుంటదేందే? నా సోది ఆమెకెందుకు?”

“ఊకో అమ్మా.”

“ఏం ఊకుండుడు! పిచ్చి డాక్టరు గడప తొక్కుడంటే మాటలా? నా కోసమైతే సచ్చినా రాకపోదును. నీ కోసం, సిగ్గు సంపుకొని వచ్చిన.”

“తెలుసమ్మా,” అంది ప్రవల్లిక, తల ఎత్తకుండా.

“తెలిస్తే చెప్పు ఆమెకు, ఎల్లుండి తీస్కపోతున్నా అని. ఉన్నదున్నట్టు చెప్పు. మింగకు.”

ప్రవల్లిక చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

“మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. నాలుగు నెలల కింద గది గుమ్మం దాటడమే కష్టంగా ఉండేది. ఇప్పుడు మెట్రో ఎక్కుతున్నారు. టికెట్లు రద్దు చేసుకోండి. ఇంకో మూడు నెలలు నాకివ్వండి.”

“మూడు నెలలా? నెల రోజుల్ల పరీక్ష ఉన్నది దీనికి!” కాంతమ్మ లేచి నిలబడింది. “పుస్తకం ముందల కూసునుడు తక్కువ, నా చెయ్యి పట్టుకొని తిరుగుడెక్కువ. ఎట్ల చదువుతది? ఎట్ల రాస్తది? పరీక్ష హాల్ల వస్తే ఎవలు లెక్కపెడతరు? నా బిడ్డకు ఏమన్నయితే నీ గోడకున్న సర్టిఫికెట్లు తెచ్చిస్తయా?”

“అమ్మా, ప్లీజ్...”

“నువ్వు రా. నేను బయట ఉంట.”

తలుపు దడాలున వేసి బయటికొచ్చింది. గుమ్మం పక్కన విడిచిన చెప్పులు వేసుకుంది. కోపం దిగలేదు. గుండె కూడా ఊరుకోలేదు, గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. పిల్లకు మళ్ళీ వస్తోందా ఏమిటి? ఒకటి, రెండు, మూడు, నాలుగు... పీల్చింది. వదిలింది. కాస్త నిమ్మళించింది.

అప్పుడనిపించింది, అడగాల్సింది అడగనేలేదని. పిల్లను మధ్యలో పెడితే సగం మింగేస్తుంది. తానే హిందీలో ముఖం మీద అడిగేయాలి. లోపల్లోపలే మాటలు కూడబలుక్కుంది. తుమ్ ఝూఠ్ బోల్తా. మేరా బేటీకో ధోఖా దియా. నువ్వు అబద్ధాలాడినవ్, నా బిడ్డను మోసం చేసినవ్ అని. హిందీ తప్పో ఒప్పో, తగలాల్సిన చోట తగులుతుంది.

తలుపు కొంచెం తోసింది.

లోపల ప్రవల్లిక రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. డాక్టరమ్మ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపి, హిందీలో నెమ్మదిగా అడుగుతోంది.

“జబ్బు అమ్మదేనని అమ్మకు ఇంకెప్పుడు చెబుతావు?”